ఇంట్లో కలిపిన బార్బెక్యూ రబ్: గుంటూరు కారం వేస్తే 4 కిలోల కోడికాళ్లు పాడయ్యాయి, ఎక్కడ తప్పానో చెప్పండి

పెరటిపొగ (ఫ్రిస్కో, టెక్సస్) • జూన్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మొన్న శనివారం పెరట్లో మొదటిసారి బొగ్గుల మీద కోడికాళ్లు కాల్చాను, 4 కిలోలు. రబ్ (కాల్చే మాంసానికి పట్టించే పొడి మసాలా) బయట కొనకుండా ఇంట్లోనే కలుపుదామని ఒక అమెరికన్ వంటల పుస్తకంలో కొలతలు చూశాను. పావు కప్పు చిల్లీ పౌడర్, పావు కప్పు కోషర్ ఉప్పు (రేకుల్లా ఉండే ముతక ఉప్పు), అర కప్పు బ్రౌన్ షుగర్, పావు కప్పు పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరపపొడి), ఆపైన వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, జీలకర్ర పొడి, మిరియాలు. చిల్లీ పౌడర్ అంటే కారమే కదా అని మా అత్తగారు గుంటూరు నుంచి పంపిన కారం పావు కప్పు వేశాను. కోషర్ ఉప్పు ఇంట్లో లేదు. మెత్తటి ఉప్పే అదే పావు కప్పు వేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు నేరుగా నిప్పుల మీద పెట్టాను.

పది నిమిషాల్లో తోలు నల్లగా మాడిపోయింది. ఎముక దగ్గర చూస్తే ఇంకా పచ్చి. ఆ పొగ ఘాటుకి కంచె అవతలివాళ్లు కూడా దగ్గారు. మా నాన్నగారు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని మంచినీళ్లు అడిగారు. పిల్లలు ముట్టుకోలేదు. అంత మాంసం పారేయాల్సి వచ్చినందుకు మనసు చాలా కష్టపడింది.

అమ్మా నాన్నా ఆగస్టులో బాపట్ల వెళ్లిపోతున్నారు. జులై 4న ఇంటికి 30 మంది వస్తారు. ఆ రోజైనా వాళ్లకి నా చేత్తో సరిగ్గా చేసి పెట్టాలి. పొడి డబ్బా కొనుక్కోమని మాత్రం చెప్పకండి, కలపడం నేర్చుకోవాలనే అడుగుతున్నాను.

టెక్సస్ మామయ్య (ఆస్టిన్ దగ్గర) • జూన్ 9, రాత్రి 11:25

బాబూ, నువ్వు మూడు చోట్ల తప్పావు, మూడూ మనవాళ్లు అందరూ తప్పే చోట్లే. అందులో పెద్దది కారం.

ఇక్కడ చిల్లీ పౌడర్ అని రాస్తే అది మన కారం కాదు. అది కలిపిన మసాలా. కారం తక్కువుండే ఎండుమిర్చి, జీలకర్ర, ఒరెగానో అనే ఎండుటాకు, వెల్లుల్లి అన్నీ అందులోనే ఉంటాయి. చిల్లీ అనే మాంసం కూరకోసం పుట్టిన పొడి కాబట్టి ఆ పేరు. 1890ల్లో మన టెక్సస్‌లోనే, న్యూ బ్రౌన్‌ఫెల్స్ ఊళ్లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు దాన్ని సీసాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. మెక్సికో నుంచి ఆంచో మిర్చి తెప్పించి ఎండబెట్టి పొడి కొట్టేవాడు. ఆంచో అంటే పండిన పొబ్లానో మిరపకాయను ఎండబెట్టింది. దాని కారం, మిరప ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో వెయ్యి, రెండు వేలు ఉంటుంది. మీ అత్తగారు పంపింది గుంటూరు సన్నం రకం మిర్చి అయితే 35 వేల నుంచి 40 వేలు. అంటే పుస్తకం అడిగిన దానికి ఇరవై, ముప్పై రెట్లు కారం పట్టించావు. నాన్నగారు మంచినీళ్లు అడగడంలో ఆశ్చర్యం లేదు.

నువ్వుండేది టెక్సస్. ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా మెక్సికన్ వరసలో ఆంచో, గుఆహీయో ఎండుమిర్చి సంచుల్లో దొరుకుతాయి. తొడిమలు, గింజలు తీసేసి, మూకుడులో అర నిమిషం వెచ్చబెట్టి, చల్లారాక మిక్సీలో వెయ్యి. ఆంచో నాలుగు వంతులు, గుఆహీయో రెండు వంతులు, జీలకర్ర ఒక వంతు, కొంచెం ఒరెగానో. ఆ వాసన చూశాక మళ్లీ డబ్బా కొనవు.

ఇంకొక మాట. మా వైపు బ్రిస్కెట్‌కి, అంటే పశువు రొమ్ము మాంసానికి, ఉప్పు, మిరియాలు తప్ప మరేమీ వెయ్యని వాళ్లు ఎక్కువ. లాక్‌హార్ట్ ఊళ్లో క్రూట్జ్ మార్కెట్ అనే బార్బెక్యూ హోటలు 1900 నుంచి ఉంది. జర్మన్, చెక్ కసాయి దుకాణాల్లో అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టడంతో పుట్టిన సంప్రదాయం అది. కాబట్టి రబ్ అంటే పదిహేను దినుసులు ఉండాలని అనుకోవద్దు. నేను పన్నెండేళ్లు రకరకాల పొడులు కలిపి, చివరికి ఉప్పు, మిరియాలు, కొంచెం వెల్లుల్లి దగ్గర ఆగాను. మిరియాలు మాత్రం బరకగా ఉండాలి. ఇక్కడ పిట్ (మాంసం కాల్చే పెద్ద పొయ్యి) దగ్గరివాళ్లు పదహారు మెష్ అంటారు, అంటే జల్లెడ కన్ను సుమారు 1.2 మిల్లీమీటర్లు. మన ఇళ్లల్లో కచ్చాపచ్చాగా దంచితే వచ్చేది దాదాపు అదే.

అరతులం (న్యూజెర్సీ) • జూన్ 10, ఉదయం 7:05

మామయ్యగారు కారం సంగతి చెప్పేశారు. ఉప్పు సంగతి నేను చెప్తాను. పెరటిపొగ గారి వంట చెడడానికి కారంతో సమానంగా ఉప్పు కూడా కారణం.

ఉప్పుని ఎప్పుడూ చెంచాలతో కొలవకండి. డైమండ్ క్రిస్టల్ కంపెనీ కోషర్ ఉప్పు ఒక టీస్పూను తూస్తే 2.8 గ్రాములు వస్తుంది. మోర్టన్ కంపెనీ కోషర్ అయితే 5 గ్రాములకు కొంచెం తక్కువ. మన మెత్తటి ఉప్పు 6 గ్రాములు. మూడూ ఉప్పే, కానీ రేకుల్లా ఉండేదానికి గాలి ఎక్కువ, మెత్తటిదానికి తక్కువ. పావు కప్పంటే 12 టీస్పూన్లు. పుస్తకం రాసినవారు డైమండ్ క్రిస్టల్ వాడి ఉంటే వాళ్ల లెక్క 34 గ్రాములు, మీరు వేసింది 72. రెట్టింపు కన్నా ఎక్కువ.

నా లెక్క ఇది. ఎముకతో ఉన్న మాంసానికి కిలోకి 10 గ్రాములు. అంతే. ఏ ఉప్పయినా, ఏ దేశమైనా త్రాసు మీద 10 గ్రాములు 10 గ్రాములే.

ఇంకా ముఖ్యమైనది: ఉప్పుని రబ్‌లో కలపకండి. విడిగా పెట్టండి. ఉప్పు నీళ్లలో కరిగి మాంసం లోపలికి నెమ్మదిగా దిగుతుంది, దానికి గంటలు కావాలి. వెల్లుల్లి, మిరప, జీలకర్ర వాసనలు మాత్రం పైపైన కొద్ది మిల్లీమీటర్లు దాటవు, రాత్రంతా ఉంచినా అంతే. కాబట్టి ముందు రోజు రాత్రి తూచిన ఉప్పు ఒక్కటే రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. తోలు ఆరుతుంది, అందువల్ల కాల్చినప్పుడు కరకరలాడుతుంది. రబ్ కాల్చే ముందు అరగంట చాలు. ఇలా విడదీస్తే ఇంకో సౌలభ్యం ఉంది. మసాలా ఎక్కువ కావాలనిపించి రెండో పూత వేసినా ఉప్పు పెరగదు.

పెరటిపొగ • జూన్ 10, మధ్యాహ్నం 12:50

మామయ్యగారూ, అరతులం గారూ, చాలా కృతజ్ఞతలు. త్రాసు ఆర్డర్ పెట్టాను. రెండు సందేహాలు. పైన మసాలా నిలవడానికి కొందరు ఆవపేస్టు రాస్తారు కదా, అది తప్పనిసరా? మూడో తప్పు చక్కెరేనా?

నల్లమిరియం (మెంఫిస్, టెనెసీ) • జూన్ 10, సాయంత్రం 6:30

చక్కెరే. కానీ తప్పు చక్కెరది కాదు, నిప్పుది. మామూలు పంచదార సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర పాకం రంగు తిరుగుతుంది, 175 దాటితే చేదెక్కుతుంది. ఎర్రగా మండే బొగ్గుల పైన కడ్డీల దగ్గర వేడి 260 దాటడం చాలా మామూలు విషయం. మీ అర కప్పు చక్కెర అక్కడ పది నిమిషాలు కూడా నిలవదు.

బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టండి. మాంసం రెండో పక్కన పెట్టి మూత వేయండి. కోడికాళ్లకి లోపలి గాలి 165 సెల్సియస్ చుట్టుపక్కల, అంటే 325 ఫారెన్‌హీట్ ఉంటే చాలు. మాంసం తడిగా ఉన్నంతసేపు పైభాగం గాలి అంత వేడెక్కదు, కాబట్టి కొద్దిగా తీపి తట్టుకుంటుంది. లోపల థర్మామీటరు గుచ్చి చూడండి. 74 సెల్సియస్ దాటితే తినడానికి భద్రం, కానీ కాలి ముక్కలు 80 దాకా వెళ్తేనే మాంసాన్ని పట్టి ఉంచే గట్టి పీచు కరిగి మెత్తబడతాయి. ఆఖరి రెండు నిమిషాలు నిప్పుల మీదికి తెచ్చి తోలు బిగించండి.

మా ఊరి పద్ధతి కూడా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ చర్చలో అందరూ రబ్ అంటే ముందే రాసేదే అనుకుంటున్నారు. ఇక్కడ 1948లో చార్లీ వెర్గోస్ అనే గ్రీకు వలస కుటుంబీకుడు పెట్టిన రాండెవూ అనే హోటలు ఒక నేలమాళిగలో ఉంది. డ్రై రిబ్స్ (సాసు పూయకుండా పొడి మసాలాతో చేసే పక్కటెముకలు) అనగానే అందరూ చెప్పేది దాని పేరే. ఆయన తన ఇంటి గ్రీకు దినుసులకి, అంటే ఒరెగానో, వెల్లుల్లి, ఉప్పు, మిరియాలకి, రంగు కోసం పాప్రికా జోడించాడు. పక్కటెముకల్ని బొగ్గుల మీద ఎత్తులో కాలుస్తూ వెనిగర్ నీళ్లు చిలకరిస్తారు. పొడి చల్లేది దించేటప్పుడు. పొడి నిప్పు చూడదు కాబట్టి మాడదు, వాసన తాజాగా ఉంటుంది. మనం వేడి ఇడ్లీ మీద కారప్పొడి చల్లుకున్నట్టే అనుకోండి. నాకు మెంఫిస్ మీద ప్రేమ పుట్టింది ఆ మొదటి ముద్దతోనే.

ఆవపేస్టు తప్పనిసరి కాదు. దాని రుచి చివరికి తెలియదు, కేవలం జిగురు. నేను చేతికి నూనె రాసుకుని మాంసానికి తుడుస్తాను. మిరపలో ఎరుపు నూనెలో కరిగే రంగు, పోపులో కారం వేస్తే నూనె ఎలా ఎర్రబడుతుందో చూశారు కదా. అందుకే నూనె పూత మీద రబ్ రంగు బాగా తేలుతుంది.

ఓరుగల్లు పోరడు (వరంగల్) • జూన్ 11, ఉదయం 8:15

అన్నలూ, అక్కలూ, అందరు ఆంచో అంటున్నరు, పాప్రికా అంటున్నరు. మా దిక్కు మిరపను ఎవ్వరు తలుస్తలేరు, అందుకే రాస్తున్న.

మా వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి దిక్కు చపాటా మిర్చి పండుతది. టమాటా మిర్చి అని గూడ అంటరు, కాయ గుండ్రంగ, బొద్దుగ ఉంటది. రంగు చూస్తె కండ్లు చెదురుతయ్, కారం మాత్రం శానా తక్కువ. పచ్చళ్లకు రంగు రావాలని వేస్తరు. 2025ల దీనికి జిఐ, అంటె భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్ల తాతల కాలం నుంచి ఇత్తనం మేమే దాచుకుంటం, కాయల్ని ఏరి ఎండబెట్టి గింజలు తీసి పెడుతం. పాప్రికాల మీరు ఏం వెతుకుతున్నరో, అంటె ఎక్కువ రంగు, తక్కువ కారం, కొంచెం తీపి, అదంత ఇండ్ల ఉన్నది. ఇండియాల ఉన్నోళ్లు పాప్రికా డబ్బాకు గన్ని పైసలు పెట్టొద్దు. చపాటా దొరకకుంటె బ్యాడిగి మిర్చి తీస్కోండి.

ఒక్క జాగ్రత్త. చపాటా తోలు మందం, తేమ ఎక్కువ పట్టి ఉంటది. మంచిగ ఎండకుంటె పొడి ముద్దయితది. కాయను ఇరిస్తె టక్కుమని ఇరగాలె, వంగొద్దు.

సాగరతీరం (విశాఖపట్నం) • జూన్ 11, ఉదయం 11:40

చదువుతుంటే ఒక ప్రశ్న. మనం ఏ పొడి కొట్టినా ముందు దినుసులు వేయించుకుంటాం కదా. సాంబారు పొడి అయినా, కంది పొడి అయినా. మీరెవరూ వేయించమనడం లేదేం? నేను ధనియాలు, జీలకర్ర, మిరియాలు దోరగా వేయించి, దాల్చినచెక్క, లవంగం కూడా కలిపి చేశాను. వాసన అద్భుతంగా వచ్చింది. అబ్బాయి మాత్రం "అమ్మా, ఇది చికెన్ ఫ్రై వాసన, బార్బెక్యూ కాదు" అన్నాడు.

అరతులం • జూన్ 11, మధ్యాహ్నం 1:20

మీ అబ్బాయి సరిగ్గానే పట్టుకున్నాడండీ. మన పొడులు అన్నంలో కలుపుకుని అలాగే తింటాం, మళ్లీ పొయ్యి చూడవు, అందుకే ముందే వేయిస్తాం. రబ్‌ని వేయించేది బార్బెక్యూయే. గంటా, నాలుగు గంటలా, పన్నెండు గంటలా అన్నది మాంసం బట్టి. ముందే దోరగా వేయించినది అంతసేపు వేడిలో ఉంటే వాసన ఎగిరిపోయి చేదు మిగులుతుంది. ధనియాలు మూకుడులో వేడి తగిలే వరకు ఉంచితే చాలు, రంగు మారకూడదు. జీలకర్ర కూడా అంతే.

ఇక లవంగం, దాల్చినచెక్క, యాలకులు. వాటి మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అవి చేరిన క్షణం నుంచి అది గరం మసాలా. తప్పేమీ కాదు, మంచి కూరే అవుతుంది. కానీ కట్టెపొగకు తనదంటూ ఒక వాసన ఉంది, దానికి చోటు ఇవ్వాలి. రబ్ ఆ పొగకు పీట వేయాలి గానీ తానే పీటెక్కి కూర్చోకూడదు.

టెక్సస్ మామయ్య • జూన్ 11, రాత్రి 9:10

అరతులం గారితో ఒక్క చోట విభేదిస్తాను. ధనియాలు బాగా వేయించి బరకగా దంచి పక్కటెముకలకి వేస్తాను, నాకు బాగుంటుంది. పాస్ట్రామీ (ఉప్పులో ఊరబెట్టి పొగబెట్టిన పశుమాంసం) పైపూత అంతా ధనియాలు, మిరియాలే కదా. లవంగం విషయంలో మాత్రం ఆవిడ మాటే నా మాట.

ఒరెగానో దొరకని వాళ్లకి ఒక చిట్కా: చిటికెడు వాము. చిటికెడంటే నిజంగా చిటికెడే. థైమ్ ఆకుకి ఆ వాసన ఇచ్చే థైమాల్ అనేది వాములో దండిగా ఉంటుంది. ఒరెగానో కూడా ఆ కుటుంబపు వాసనే. పావు టీస్పూను దాటితే జంతికలు గుర్తొస్తాయి.

బొగ్గులకుంపటి (హైదరాబాద్, సైనిక్‌పురి) • జూన్ 12, ఉదయం 6:50

నాకు స్మోకర్ (మాంసాన్ని పొగబెట్టే పొయ్యి) లేదు. డాబా మీద మూతున్న చిన్న గ్రిల్, తుమ్మ బొగ్గులు. పొగకు కట్టె ఏది వాడాలో చాలా రోజులు తెలియలేదు, హికరీ అనే అమెరికా కట్టె ముక్కల సంచి ఆన్‌లైన్‌లో చూస్తే ధర భయపెట్టింది. తరవాత తెలిసిన విషయం ఇది, ఇక్కడున్న వాళ్లందరికీ పనికొస్తుంది. మన ఊళ్ల చుట్టూ, చెరువు గట్ల మీద అడ్డూ అదుపూ లేకుండా పెరిగే సర్కారు తుమ్మ అసలు మన మొక్క కాదు. ప్రోసోపిస్ జూలిఫ్లోరా. టెక్సస్ వాళ్లు మెస్కీట్ అని పిలిచే చెట్టుకి దగ్గరి చుట్టం. మామూలు నల్ల తుమ్మ వేరు, ఇది వేరు. పొలాలకి శత్రువు, కానీ ఎండిన కట్టె గ్రిల్‌కి చాలా మంచిది.

నేను చేసిన పొరపాటు, సగం కాలిన కట్టె పొగలో మాంసం పెట్టడం. తెల్లటి చిక్కటి పొగ వస్తుంటే మాంసానికి చేదు పట్టింది. ఇప్పుడు కట్టె కణకణలాడే నిప్పు అయ్యేదాకా ఆగి, అప్పుడు పెడుతున్నాను.

టెక్సస్ మామయ్య • జూన్ 12, ఉదయం 8:00

భేష్ నాయనా. మా లానో ఊళ్లో కూపర్స్ అనే బార్బెక్యూ హోటలు వాళ్లు చేసేది అదే పద్ధతి. మెస్కీట్ కట్టెను వేరే చోట కాల్చి, నిప్పులు మాత్రం పారతో పిట్ కిందికి తెస్తారు. మెస్కీట్ ఘాటు కాబట్టి నువ్వు రబ్‌లో తీపి తగ్గించి మిరియాలు పెంచు.

వేటమాంసం (షుగర్‌ల్యాండ్, టెక్సస్) • జూన్ 13, రాత్రి 9:35

మా ఇంట్లో పంది, పశువు రెండూ తినం. మేక కాలు, భుజం మీద రబ్ వేసిన వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇక్కడివాళ్లని అడిగితే మేకా అని ఆశ్చర్యపోయారు.

టెక్సస్ మామయ్య • జూన్ 13, రాత్రి 10:20

ఎవరా ఆశ్చర్యపోయింది! ఇదే టెక్సస్‌లో బ్రేడీ అనే ఊళ్లో 1974 నుంచి ప్రతి ఏటా లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతంలో మేక బార్బెక్యూ పోటీ జరుగుతుంది, దానికి ప్రపంచ స్థాయి పోటీ అనే పేరు. గొర్రె కావాలంటే కెంటకీలో ఓవెన్స్‌బరో వెళ్లు, అక్కడ బార్బెక్యూ అంటేనే ముదురు గొర్రె మాంసం. మన వేట ఇక్కడ పరాయిది కాదు.

మేకలో కొవ్వు తక్కువ, తొందరగా ఎండిపోతుంది. భుజం తీసుకో, కాలు వద్దు. కిలోకి 10 గ్రాముల ఉప్పు ముందు రోజే. రబ్‌లో చక్కెర అసలు వద్దు. మిరియాలు బరకగా రెండు వంతులు, వెల్లుల్లి ఒక వంతు, ధనియాలు ఒక వంతు, ఆంచో ఒక వంతు, జీలకర్ర అర వంతు. 250 ఫారెన్‌హీట్ మీద మూడు గంటలు పొగలో పెట్టు. రంగు కుదిరాక కొంచెం నూనె, వెనిగర్ నీళ్లు చల్లి అల్యూమినియం ఫాయిల్‌లో గట్టిగా చుట్టు. లోపల 195 ఫారెన్‌హీట్ దాటి, ఎముక లాగితే ఊడి వచ్చేదాకా ఉంచు. మధ్యలో లోపలి వేడి 150, 160 ఫారెన్‌హీట్ దగ్గర గంటల తరబడి కదలకుండా నిలబడిపోతుంది. కంగారు పడి నిప్పు పెంచకు, మాంసం చెమటోడ్చి చల్లబడుతోందంతే. కుండలో నీళ్లు చల్లబడ్డట్టు.

వేటమాంసం • జూన్ 13, రాత్రి 10:50

చాలా సంతోషం మామయ్యగారూ. వచ్చే వారమే భుజం తెస్తాను.

సాగరతీరం • జూన్ 15, సాయంత్రం 5:15

నిల్వ సంగతి కూడా చెప్పండి. మా వైజాగ్ గాలికి నాలుగు రోజుల్లో రబ్ రాయిలా గట్టిపడింది. కారం డబ్బాలో వేసినట్టు ఇంగువ ముక్క వేశాను, పొడంతా ఇంగువ వాసనే.

అరతులం • జూన్ 15, రాత్రి 8:00

ఇంగువ కారానికి పురుగు పట్టకుండా వేస్తారండీ, తేమకి కాదు. గట్టిపడడానికి కారణం చక్కెర. బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్ (చెరకు మడ్డి) తడి ఉంటుంది. బెల్లం పొడి ఇంకా కష్టం, అందులో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి కాబట్టి గాలిలో తేమను లాక్కుంటుంది, నిప్పు మీద కూడా పంచదార కన్నా ముందే మాడుతుంది. అనకాపల్లి బెల్లం రుచి నాకు ప్రాణం, కానీ రబ్‌లో వేస్తే ఆ పూటకు కావలసినంతే కలపండి. మిగతా పొడిలో ఉప్పూ వద్దు, తీపీ వద్దు.

వెల్లుల్లి మెత్తటి పొడి కన్నా రవ్వలా ఉండేది కొనండి, ఉండ కట్టదు. గాజు సీసా, బిగుతు మూత, వెలుతురు తగలని అర. మూడు నెలల్లో వాడేయండి, తరవాత ముందుగా పోయేది మిరప రంగు. ఇంకొక్క మాట, ఇది చాలామంది పట్టించుకోరు. పచ్చి మాంసం తాకిన చేతిని సీసాలో పెట్టకండి. కావలసినంత ముందే గిన్నెలోకి తీసుకోండి, మిగిలితే పారేయండి.

పెరటిపొగ • జూన్ 22, మధ్యాహ్నం 3:30

నిన్న ఒక కిలో కాళ్లతో ప్రయోగం చేశాను. ఆంచో, గుఆహీయో నేనే పొడి కొట్టాను. ఇల్లంతా ఎండుద్రాక్ష లాంటి వాసన, అమ్మ వచ్చి "ఇది మిరపకాయేనా?" అని చేతిలో పోసుకుని చూసింది. ఉప్పు 10 గ్రాములు ముందు రోజు. బొగ్గులు ఒక పక్క. 50 నిమిషాలకి 81 సెల్సియస్ వచ్చింది, మాడలేదు, రంగు ముదురు ఇటుకలా ఉంది.

రుచి బాగుంది. కానీ నాన్నగారు "చప్పగా లేదురా, కానీ ఏదో తగ్గింది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఉప్పు సరిపోయింది. ఏం తగ్గింది?

నల్లమిరియం • జూన్ 22, సాయంత్రం 4:45

గుంటూరు తగ్గింది! పూర్తిగా తీసేశారు కదా. మన నాలుక వెనక ఆ చురుకు కావాలి. 100 గ్రాముల పొడికి 3 గ్రాములు వేయండి, వంతుల్లో కాదు. ఇంకా పులుపు. దించగానే నిమ్మకాయ పిండడమో, మా ఊరి పద్ధతిలో వెనిగర్ నీళ్లు చిలకరించి పైన ఇంకొంచెం పొడి చల్లడమో చేయండి.

ఓరుగల్లు పోరడు • జూన్ 22, రాత్రి 7:10

ఆవాల పొడి గూడ జర్రంత వెయ్యన్నా. ఘాటు ముక్కుకు ఎక్కుతది, నోరు మండది.

పెరటిపొగ • జూన్ 29, రాత్రి 9:00

మూడుసార్లు చేసి చూశాక కుదిరిన కొలత ఇది, గ్రాముల్లో రాస్తున్నాను. ఆంచో, గుఆహీయో కలిపిన పొడి 40, బరక మిరియాలు 15, వెల్లుల్లి రవ్వ 15, ఉల్లి పొడి 10, ధనియాలు 8, జీలకర్ర 6, ఆవపొడి 5, గుంటూరు కారం 4, ఒరెగానో 3. ఇదంతా సీసాలో. కాల్చే రోజు బ్రౌన్ షుగర్ 25 కలుపుతాను. మొత్తం 131 గ్రాములు, ఉప్పు లేకుండా. కిలో కాళ్లకి ముందు 12 గ్రాములు పట్టించి, 3 గ్రాములు దించాక చల్లడానికి దాచాను. ఉప్పు విడిగా కిలోకి 10.

30 మందికి 9 కిలోల కాళ్లు తెస్తున్నాను. పిల్లల కోసం రెండు కిలోలు గుంటూరు లేకుండా. ఏదైనా సరిచెయ్యాలంటే ఈ రెండు రోజుల్లో చెప్పండి.

అరతులం • జూన్ 29, రాత్రి 9:40

లెక్క బాగుంది. 9 కిలోలు ఒకేసారి పెట్టకండి, గ్రిల్ కిక్కిరిస్తే ఆవిరి పట్టి తోలు మెత్తబడుతుంది. రెండు విడతలు.

పెరటిపొగ • జులై 5, మధ్యాహ్నం 1:15

నిన్న జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. రెండు విడతల్లో చేశాను. మొదటి విడత దించి, నిమ్మకాయ పిండి, పైన పొడి చల్లి బల్ల మీద పెట్టాను. పదిహేను నిమిషాల్లో పళ్లెం ఖాళీ. పక్కింటి టెక్సస్ పెద్దాయన, అదే ఆ రోజు దగ్గినాయన, రబ్ ఎక్కడ కొన్నావని అడిగారు. ఇంట్లో కలిపానంటే సీసా తెమ్మని వాసన చూశారు. జీలకర్ర, ఆంచో కనిపెట్టేశారు, ధనియాలు మాత్రం ఏమిటో తెలియలేదన్నారు. ఒక చిన్న సీసా నింపి ఇచ్చాను.

నాన్నగారు మూడు ముక్కలు తిన్నారు. మంచినీళ్లు అడగలేదు. రాత్రి అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "ఆ కాగితం మీద కొలతలు రాసివ్వు, బాపట్లలో కుంపటి మీద నేను చేస్తా" అన్నారు. ఆయన ఎప్పుడూ వంట చేసింది నేను చూడలేదు.

మామయ్యగారూ, అరతులం గారూ, నల్లమిరియం గారూ, ఓరుగల్లు తమ్ముడూ, అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇప్పుడు ఒక్కటే ప్రశ్న. బాపట్లలో ఆంచో దొరకదు. నాన్నగారికి ఏం రాసివ్వాలి?

ఓరుగల్లు పోరడు • జులై 5, రాత్రి 8:30

అన్నా, 40 గ్రాముల కాడ చపాటా అని రాయి. ఆంచోకు ఉన్న ఎండుద్రాక్ష వాసన దీనికి రాదు, రంగు మాత్రం దానికన్నా మంచిగ వస్తది. బాపూ ఆగస్టుల వస్తున్నడు కదా, మా ఇంట్ల పోయిన పంట కాయ ఇంక ఉన్నది, కిలో ఎండబెట్టి తీసి పెడుత. పొడి చేసి పంపను, కాయే పంపుత. పొడి కొట్టంగనె వాసన పోవుడు షురువైతది, బాపు చేసే రోజే కొట్టుకొమ్మను.

బొగ్గులకుంపటి • జులై 5, రాత్రి 9:05

కుంపటికి మూత ఉండదు కాబట్టి నాన్నగారికి పక్కన ఇంకో మాట రాసివ్వండి: చక్కెర వద్దు. నిప్పులు బూడిద కప్పాక ఒక పక్కకి నెట్టి, మాంసం మీద పెద్ద మూకుడు బోర్లించమనండి. నేను గ్రిల్ కొనక ముందు రెండేళ్లు అలాగే చేశాను.